తిట్టుకు పలికిన మనిషి

నరసరావుపేటలో మా అత్తవారిల్లు రైలు స్టేషను నుంచి ఊళ్ళోకి వచ్చే రోడ్డు మీద ఉండేది. ఇంటి ముందు భాగంలో రోడ్డు వైపు తెరుచుకునే గది ఒకటి. మా మామగారు ఉన్నప్పుడు అందులో పత్తి బోరాలు వేసేవారట. ఆయన పోయాక మా అత్త దాన్ని అద్దెకివ్వడం మొదలుపెట్టింది. సాగర్ డ్యాం పని జోరుగా సాగుతున్న రోజుల్లో, మాచర్ల బస్సు దిగి, కూలివాడి నెత్తిన కుట్టుమిషను పెట్టించుకుని ఒకతను వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. గది చూశాడు, గోడలు తట్టి చూశాడు, మా అత్త చెప్పిన అద్దెకు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. బేరమాడని మనిషి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే.

ఆ మాటకొస్తే నాకు అనుమానం లేనిది ఎవరి మీద? మా పుట్టిల్లు రెంటచింతల దగ్గర పల్లె. అక్కడ ఎండ ఎంత చురుకో మా ఇంటి ఆడవాళ్ళ కళ్ళు అంత చురుకు. పాలు నా కళ్ళముందు పితికినా వేలు ముంచి చూస్తే గాని పొయ్యి మీద పెట్టను. మా ఆయన కోర్టులో గుమాస్తా, నేను ఆడపిల్లల బడిలో టీచర్ని. "నువ్వు కోర్టులోను, నేను బళ్ళోను ఉండాల్సింది" అని మా ఆయన ఎగతాళి చేసేవారు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త, మా మరిది. మరిది నకరికల్లులో బడిపంతులు. పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. మెత్తని గొంతు, మెల్లని నడక. చర్చిలో అతను పాట అందుకుంటే ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో పాడుతున్నారనుకుని కొత్తవాళ్ళు తల తిప్పి చూసేవారు.

మిషను దిగిన వారంలోనే గది మీద బోర్డు ఎక్కింది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు: "ఆడంగి టైలరు. రవికలు, లంగాలు, పిల్లల గౌన్లు కుట్టబడును."

ఆడంగులంటే మావైపు ఆడవాళ్ళు. ఆడంగుల టైలరు అని రాసి ఉంటే ఆడవాళ్ళ బట్టలు కుట్టేవాడని అర్థం. ఆడంగి అంటే మాత్రం తిట్టు. నడకలోనో మాటలోనో ఆడతనం కనబడే మగవాణ్ణి వీధిలో నలుగురి ముందూ అనే మాట. అందుకని చదివిన ప్రతివాడూ బోర్డు రాసినవాడు ఒక అక్షరం మింగి, ఇంకోటి మార్చేశాడనే అనుకున్నాడు. మా ఆయన కూడా అలాగే అనుకుని, కోర్టుకు వెళ్తూ ఆ గది ముందు ఆగారు. నేను బడికి బయలుదేరి ఆయన వెనకే ఉన్నాను.

"ఏమయ్యా, ఆ బోర్డు రాసినోడు నీ కొంప ముంచాడు. ఆడంగుల అని రాయబోయి ఆడంగి అని తగలేశాడు. పిలిపించి దిద్దించుకో," అన్నారు.

అతను పళ్ళ మధ్య దారం తెంపి, తలెత్తాడు. "దిద్దేదేం లేదండీ. అట్టాగే రాయమన్నా. ఆయన గూడా మళ్ళీ మళ్ళీ అడిగాడు, నిజంగానేనా అని."

"అది తిట్టయ్యా!"

"అవునండీ. నన్ను తిట్టేదే. మా ఊళ్ళో, డ్యాం కాడ, యాడికి పోయినా అదే పిలుపు. అందరికీ తెలిసిన పేరుండగా కొత్త పేరెందుకని అదే రాయించా."

కోపం లేదు, సిగ్గూ లేదు. మిషను చక్రం తిప్పి మళ్ళీ కుట్టుకుంటూ కూర్చున్నాడు. మేం రోడ్డు మీద కొంతదూరం నడిచాం. ఆ తర్వాత మా ఆయన కోర్టు బుర్ర పనిచేసింది. "తనను తాను తిట్టుకునేవాణ్ణి నేను రోజూ చూస్తున్నా. బెయిలు కోసం తిట్టుకుంటాడు. వీడికీ ఏదో కావాలి," అన్నారు. నాకూ అదే అనిపించింది. ఏం కావాలన్నది మాత్రం తేలలేదు.

ఆడవాళ్ళ ఒంటి కొలతలు తీసుకునే పని అది. మొగుళ్ళకు భయం లేకుండా చేసుకోవడానికి ఆ మాటను అడ్డం పెట్టుకున్నాడేమోనని నా మొదటి అనుమానం. మధ్య గదికీ, ఆ గదికీ ఒక తలుపుంది. మావైపు గడియ. తలుపు చెక్కల మధ్య సందు ఉంది. బియ్యంలో రాళ్ళు ఏరుకునే నెపంతో నేను అక్కడ కూర్చునేదాన్ని. అతను ఎవర్నీ ముట్టుకునేవాడు కాదు. "పాత రవిక తెండి, దాని మీద కుడతా," అనేవాడు. తెచ్చిన రవిక చెమట వాసన వేస్తే వేలికొసతో పట్టుకుని వెనక్కి ఇచ్చేసేవాడు. "ఉతికి తేమ్మా. నాకూ ముక్కుంది." ఒక షావుకారు భార్య మూడో రోజే రవిక కావాలని కూర్చుంటే, "మిషను తొక్కే కాళ్ళు నావి, మీవి కావు," అని పంపించేశాడు. ఆడవాళ్ళ మీద కన్నేసేవాడు ఆడవాళ్ళతో అంత పెడసరంగా ఉండడు. ఆ అనుమానం వదులుకోవలసి వచ్చింది. వదులుకోవడానికి నాకేం సంతోషంగా లేదు.

ఇక డ్యాం దగ్గర ఏదైనా చేసి పారిపోయి వచ్చాడేమో అనుకున్నాను. ఆ రోజుల్లో అటు నుంచి వచ్చేవాళ్ళ గురించి రకరకాలుగా చెప్పుకునేవారు. ఒక కానిస్టేబులు వచ్చి ఆరా తీసి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ కూతురికి గౌను గుడ్డ ఇచ్చి వెళ్ళాడు. దాంతో ఆ అనుమానమూ నిలవలేదు.

వీధిలో మగవాళ్ళ బాధ వేరు. సైకిలు మీద పోతూ, "ఒరేయ్ ఆడంగీ!" అని కేకేసి పోవడం కుర్రకారుకు సరదా. ఇతను మిషను ఆపి, ఎంతో మర్యాదగా, "ఆఁ, రాండి, ఏం కుట్టాలి?" అనేవాడు. కేకేసినవాడి మొహం చూడాలి. తిట్టు తగిలితే వచ్చే తృప్తి వాడికి దక్కలేదు. కొన్నాళ్ళకు కేకలు తగ్గాయి. "వాడికి రోషం లేదు, వాణ్ణి తిట్టి ఏం లాభం" అని కొందరు, "రోషం లేనట్టు నటిస్తున్నాడు, లోపల ఏదో ఉంది" అని కొందరు. నేను రెండో జట్టు.

మా బడిలోనూ గొడవ లేచింది. కొత్తగా అక్షరాలు కూడబలుక్కుంటున్న ఒకటో తరగతి పిల్లలు దారి వెంట ప్రతి బోర్డూ పైకి చదువుకుంటూ వచ్చేవారు. మా ఇంటి ముందు నిలబడి, "ఆ-డం-గి" అని వంతపాటలా అరిచేవారు. అతను లోపలి నుంచి, "తర్వాతది గూడా చదవండి, టైలరు!" అని సరిచేసేవాడు. హెడ్మిస్ట్రెస్సు నన్ను పిలిచి, "మీ ఇంటి మీదేనంటగా ఆ బూతు," అంది. బూతు అని నేనూ ఒప్పుకున్నాను. దించమని చెప్పడం మా అత్త పని, ఇల్లు ఆమెది అని కూడా చెప్పాను.

మా అత్తకు చదువు రాదు. బోర్డు మీద ఏముందో ఆమెకు అందరికన్నా ఆలస్యంగా తెలిసింది. దించమనడానికి ఆమెకున్న చిక్కు ఏమిటంటే, ఆ మాట ఆమెకు అలవాటు మాట. మా మరిదిని చిన్నప్పటి నుంచీ దాంతోనే తిట్టేది. ప్రేమ లేక కాదు. అతను మెల్లగా నడిస్తే, "ఆ ఆడంగి నడకేందిరా, మగోడిలా నడువు," అనేది. గిన్నె కడిగి పెడితే, "ఆడంగోడా, నీకెందుకురా ఆ పని," అనేది. ఆ మాటతో గీకి గీకి కొడుకు ఒంటి మీది ఆ మెత్తదనాన్ని పోగొడతానని ఆమె నమ్మకం.

టైలరు వచ్చాక ఒక సాయంత్రం మరిది కిరసనాయిలు దీపాల చిమ్నీలు తుడుస్తున్నాడు. అత్త వంటింట్లోంచి, "ఒరేయ్ ఆడంగోడా!" అని అరిచింది. ముందు గదిలోంచి వెంటనే సమాధానం వచ్చింది.

"ఆఁ, వస్తున్నా పెద్దమ్మా!"

తలుపు తట్టాడు. నేను గడియ తీశాను. చేతులు జోడించి నిలబడ్డాడు. "పిలిచారంట?"

"నిన్ను గాదయ్యా," అంది అత్త, మొహం ఎర్రబడి.

"పేరు వినబడితే వచ్చా. ఏమనుకోబాకండి."

మరునాడు మళ్ళీ అలాగే జరిగింది. ఆ తర్వాతా జరిగింది. అత్త ఎప్పుడు కొడుకును ఆ మాట అన్నా ముందు గదిలోంచి, "వస్తున్నా పెద్దమ్మా!" అని పలుకు. అద్దె ఠంచనుగా ఇచ్చే మనిషిని రోజూ పిలిచి, నిన్ను కాదు పొమ్మనడం ఆమెకే మొహమాటమైంది. నోటి దాకా వచ్చిన మాటను మింగి, "ఒరేయ్... ఇదిగో..." అని తడుముకునేది. ఇంతకాలం చేతికందుతూ వచ్చిన కర్రను ఎవరో ఎత్తుకుపోయినట్టు తిరిగేది. కొంతకాలానికి మా ఇంట్లో ఆ మాట వినబడటమే మానేసింది.

అతను నిజంగా పొరబడ్డాడా, కావాలని పలికాడా? ఒకసారి అడిగాను. "ఏమయ్యా, మా అత్త ఎవర్ని పిలుస్తుందో నీకు తెలియదా?"

"పేరు పెట్టి పిలిస్తే పలకొద్దా టీచరమ్మా? పొగరనుకుంటారుగా," అన్నాడు. సూదిలో దారం ఎక్కిస్తున్నాడు, నా వైపు చూడలేదు. ఆ మొహం చూసి ఏదీ తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంత జరిగినా ఆ బోర్డును అందరికన్నా ఎక్కువ అసహ్యించుకున్నది మా మరిదే. బోర్డు ఎక్కిన నాటి నుంచి ముందు వాకిలి నుంచి రావడం మానేశాడు. బస్సు దిగి, గొడ్ల చావిడి వెనక సందులోంచి చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలో దిగేవాడు. "దాన్ని తీయించు వదినా. నీ మాట అమ్మ వింటుంది," అని నన్ను పట్టుకున్నాడు. అతని పట్ల నాకు మొదటి నుంచీ ఆపేక్ష ఉండేది. దానితోపాటు, నేను ఆ ఇంటికి వచ్చిన కొత్తలోనే మొలకెత్తిన ఒక అనుమానమూ ఉండేది. దాన్ని నేను మా ఆయనతో కూడా అనలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అందరూ భోజనాలు చేసి నడుం వాల్చారు. మరిది తనంతట తాను ముందు గదిలోకి వెళ్ళడం చూశాను. చేట తీసుకుని తలుపు దగ్గర కూర్చున్నాను. వినకూడదని నాకెప్పుడూ అనిపించలేదు, ఆ రోజు కూడా అనిపించలేదు.

"ఆ బోర్డు తీసేయండి," అన్నాడు మరిది. అతను ఎవర్నైనా మీరనే అనేవాడు.

"ఎందుకు మాస్టారూ?"

"మీకు సిగ్గుగా లేదా? వాళ్ళు మన మొహాన ఊసిన మాట అది. దాన్ని తెచ్చి గుమ్మానికి కట్టుకుంటారా?"

"ఎనక నుంచి అంటంటే ఎన్నిసార్లని తిరిగి చూస్తాం? మెడ నొప్పి పుట్టింది. ముందే రాసి పెట్టుకుంటే ఇంక ఎనక నుంచి అనేదేముంది? ఈ రోడ్డులో ఇప్పుడా మాట ఎంతమంది అంటున్నారో మీరే చెప్పండి."

"మీకు బాగానే ఉంటుంది. మీ పేరు మీరు రాసుకున్నారు. కానీ అది మీ ఒక్కరి పేరేనా? అది చదివినవాడు ముందు మిమ్మల్ని చూస్తాడు, ఆ తర్వాత ఈ ఇంట్లో ఇంకెవరున్నారా అని చూస్తాడు. నాకు ఉద్యోగముంది, అమ్మ ఉంది. నన్నడక్కుండా నా గురించి బోర్డు కట్టే హక్కు మీకెవరిచ్చారు?"

నా చేతిలో చేట ఆగిపోయింది. అవతల మిషను కూడా ఆగిపోయింది. టైలరు అన్నాడు: "అది నేను ఆలోచించలా మాస్టారూ. మీరన్నది నిజమే." మిషను ముందు నుంచి లేచి, "పెద్దమ్మ చెబితే తీయను. మీ అన్నయ్య చెబితే గది ఖాళీ చేస్తాగాని బోర్డు తీయను. మీరు చెబితే మాత్రం తీసేస్తా. ఎందుకు తీయాలో ఒక్కసారి నోటితో చెప్పండి. అంతే. ఇంకొకరికి చెప్పను," అన్నాడు.

మరిది చెప్పలేదు. గోడ మీద అతని నీడ కదిలి వెళ్ళిపోయింది. బోర్డు అక్కడే ఉంది. ఇద్దరిలో ఎవరిది న్యాయమో నాకు అర్థం కాలేదు. ఒకడికి ఊపిరినిచ్చిన మాట ఇంకొకడికి ఊపిరాడకుండా చేస్తోందని మాత్రం తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఈపూరు సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి హెడ్మాస్టరు, కాస్త పొలం కూడా ఉంది, మాలాగే చర్చికి వెళ్ళే కుటుంబం. పిల్ల బాగుంటుందని, పాడుతుందని చెప్పారు. మా అత్త కాళ్ళు నేల మీద నిలవలేదు. మరిది వద్దంటే ఏడ్చింది, అన్నం మానేసింది. చివరికి పిల్ల తల్లిదండ్రులు మా ఇల్లు చూసుకోవడానికి వస్తామని కబురు చేశారు.

వచ్చారు. రోడ్డు మీద దిగగానే బోర్డు చదివి తండ్రి నవ్వాడు. తల్లి నవ్వలేదు, కొంగు సర్దుకుని లోపలికి వచ్చింది. కాఫీలయ్యాయి. పెట్టుపోతలూ, ప్రధానం ఎప్పుడు పెట్టుకోవాలన్న మాటలూ అయ్యాయి. మరిది తల వంచుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"మీ పిల్లను నాకివ్వొద్దండీ," అన్నాడు.

"అదేంది బాబూ?" అన్నాడు ఆ తండ్రి.

"నేను ఆడంగిని. పెళ్ళికి పనికిరాను. మీ పిల్ల బతుకు పాడవుతుంది."

ఆ మెత్తని గొంతు వణకలేదు. జీవితమంతా తప్పించుకు తిరిగిన మాటను తన నోటితో అన్నాడు. ఎవరి మాటనూ ఒక పట్టాన నమ్మని నేను ఆ మాటను విన్న క్షణాన్నే నమ్మాను. అయిపోయింది, ఇక ఇల్లంతా ఏడుపే అనుకున్నాను.

హెడ్మాస్టరు ఫక్కున నవ్వాడు. "బోర్డు చూసి నేర్చుకున్న సాకా మాస్టారూ ఇది? చానా తెలివైనోడివే! నిజంగా అట్టాంటోడైతే ఎవడన్నా చెప్పుకుంటాడా? దాచుకు చస్తాడుగాని!"

మా ఆయన కూడా నవ్వారు. మా అత్త పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు, "ఆ టైలరు గాలి సోకింది బాబూ, పిల్లోడికి ఎటకారం ఎక్కువైంది," అంది. చెబితే నిజమని తేలిపోతుందనుకున్నాడు మరిది. చెప్పినందుకే అబద్ధమని తేల్చేశారు. అతను అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి, పెరట్లోకి వెళ్ళిపోయాడు.

హెడ్మాస్టరు నవ్వాడే గాని తక్కువవాడు కాదు. పెళ్ళి వద్దనే కుర్రవాడికి ఎక్కడో ఆడదాని పొత్తు ఉంటుందని లెక్క వేసుకున్నాడు. నకరికల్లు వెళ్ళి బడిలో, బస్సుల దగ్గర, కాఫీ హోటల్లో వాకబు చేశాడు. వారం తిరక్కుండా మొహం వెలిగిపోతూ మా ఇంటికి వచ్చాడు. "ఒక్క ఆడపిల్ల వైపు కన్నెత్తి చూసినోడు కాదంట! గుణం బంగారం! ఇంకేం కావాలి?" అన్నాడు. వచ్చే ఆదివారం చర్చిలో పెళ్ళి ప్రకటన చదివించాలని మా ఆయనతో మాట్లాడుకుని వెళ్ళాడు. ప్రకటన చదివాక వెనక్కి పోవడమంటే రెండు కుటుంబాల పరువూ బజార్న పడినట్టే. పిల్ల మొహం మళ్ళీ ఎవరూ చూడరు.

వీధి గుమ్మం దగ్గర ఆయన్ను ఆపాను. "అన్నయ్యగారూ, మా మరిది ఆ రోజు వేళాకోళం ఆడలేదు. నిజమే చెప్పాడు," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "తోడికోడలు వస్తే పెత్తనం పోతుందని భయమా అమ్మా? మా పిల్ల అట్టాంటిది గాదు," అని మర్యాదగానే చెప్పి బస్సుకు వెళ్ళిపోయాడు. ఊరందర్నీ అనుమానించిన నన్ను అనుమానించడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టింది. ఒళ్ళు మండిపోయింది. ఏం చేయను?

మరిది తిండి తగ్గించాడు. "ఇంకేం చెప్పాలి వదినా? ఎట్టా చెబితే నమ్ముతారు?" అన్నాడు ఒకరోజు. మా ఇంటికి రైలు పట్టాలు దగ్గర. సాయంత్రం నకరికల్లు బస్సు వచ్చే వేళ దాటిందంటే సందు వైపు చూస్తూ కూర్చునేదాన్ని. పెరటి గుమ్మంలో అతని చెప్పుల చప్పుడు వినబడితే గాని దీపం వెలిగించేదాన్ని కాదు.

ఆ ఆదివారానికి ముందు, ఒక మధ్యాహ్నం, నేను బడి నుంచి వచ్చేసరికి పిల్ల తల్లి ముందు గదిలో బల్ల మీద కూర్చుని ఉంది. ఒక్కతే వచ్చింది. పెళ్ళి రవికలు కుట్టించాలని ఒడిలో పట్టుగుడ్డ పెట్టుకుంది. ఈపూరులో, వినుకొండలో టైలర్లు లేరా? నా అనుమానం లేచింది. లోపలికి వెళ్ళకుండా అక్కడే గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. మధ్య తలుపు అవతల మా అత్త దగ్గు వినబడింది. ఆమె కూడా వింటోంది.

ఆమె గుడ్డ సంగతి కాసేపు మాట్లాడి, గొంతు తగ్గించింది. "నాయనా, నువ్వు ఉన్న మాట దాచుకోని మనిషివి. ఒకటి అడుగుతా. ఈ ఇంటి చిన్నోడు ఆ రోజు అన్న మాట నిజమేనా? మా ఆయన ఎటకారమంటాడు. నాకు నిద్ర పట్టట్లా."

టైలరు గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టాడు. "ఆయన సంగతి నేను చెప్పను తల్లీ. నా సంగతైతే అడగండి."

"నీకు తెలవకుండా ఉంటదా?"

"తెలిసినా తెలవకపోయినా చెప్పను. ఒకసారి అడక్కుండా చెప్పి తప్పు చేశా," అని బోర్డు వైపు చూశాడు.

ఆమె నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో నా కళ్ళే కనబడ్డాయి నాకు. ఎవర్నీ నమ్మలేక, నమ్మదగిన ఒక్క మనిషి కోసం ఊరు దాటి వచ్చింది. మామూలుగా చెబితే ఈమె కూడా నన్ను నమ్మదని తెలుసు. అందుకని అడిగాను.

"వదినగారూ, ఈ టైలరు మంచివాడు, కష్టపడతాడు, తాగడు. మీ పిల్లనిస్తారా ఇతనికి?"

"ఏందమ్మా ఆ మాటలు!" అని బల్ల మీంచి లేచింది. "ఈయనకెట్టా ఇస్తాం?"

"ఎందుకివ్వరు?"

"ఎందుకేంది? తన నోటితో తనే చెప్పుకుంటంటే..."

అక్కడ ఆగిపోయింది. మెల్లగా మళ్ళీ బల్ల మీద కూర్చుంది. టైలరు కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చాడు. తాగింది. పట్టుగుడ్డ ఒడిలోకి తీసుకుని, చాలాసేపు దాని అంచు నిమురుతూ ఉండిపోయింది. ఏడవలేదు. లేచి వెళ్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "మా పిల్లకు ఇంకో సంబంధం చూసుకుంటాం. మీ పిల్లోడి మాట మా ఇంటి గడప దాటనివ్వను," అంది. నేను లోపలికి వెళ్ళేసరికి మా అత్త మధ్య గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏమర్థమైందో, ఎంతవరకు అర్థమైందో ఆమె చెప్పలేదు. వెళ్ళి పొయ్యి రాజేసింది.

సాయంత్రం మరిది బస్సు దిగి పెరటి గుమ్మంలోంచే వచ్చాడు. నేను బావి దగ్గర ఉన్నాను.

"ఈపూరు ఆమె వచ్చి వెళ్ళిందంటగా. ఏమంది వదినా?"

"ఆదివారం ప్రకటన లేదు. సంబంధం వద్దనుకున్నారు."

బావి గట్టు పట్టుకుని నిలబడ్డాడు. "ఎవరు చెప్పారు ఆమెకు?" అన్నాడు, నన్ను అనుమానంగా చూస్తూ. "ఆ టైలరుగారా? నువ్వా?"

"నువ్వే చెప్పావయ్యా," అన్నాను. "ఆమెకు వినపడటానికి ఇన్నాళ్ళు పట్టింది."